పైక్, మస్కెట్, గుర్రం – 4వ పాఠం: గెలిచిన గుర్రాలను ఏం చేయాలి?

ఈ యుద్ధాల ఆట పాఠాల్లో ఈసారి మస్కెట్ (పాతకాలపు పొడవాటి తుపాకి) వరుసల కాల్పుల గురించి చెప్పాల్సింది. పోయిన పాఠం అభ్యాసానికి మీరు పంపిన ఆటలు చూశాక దాన్ని వాయిదా వేయక తప్పలేదు. దాదాపు అందరూ శత్రువు గుర్రాలను చక్కగా చెదరగొట్టారు. ఆ తర్వాత ఆట ఓడిపోయారు.

పైక్‌ల (పొడవాటి ఈటెలు పట్టిన కాల్బలం) మీదికి గుర్రాలను ఎదురుగా పంపకూడదని, పైక్‌ల తోడు లేకుండా మస్కెట్ దళాన్ని మైదానంలో వదలకూడదని మళ్లీ చెప్పను. మిమ్మల్ని ముంచింది తరుముకుంటూ పోవడం. చెదిరిన యూనిట్ కొన్ని టర్న్‌ల దాకా ఎలాగూ పోరాడదు. దాని వెంటపడ్డ మీ గుర్రాలూ అన్ని టర్న్‌లు యుద్ధంలో లేనట్టే. పైగా అలిసిపోయి, వరుస చెడి తిరిగొస్తాయి. ఈలోగా మధ్యలో మీ కాల్బలం ఒంటరిగా చస్తుంది.

ఇంగ్లండ్‌లో రాజు చార్లెస్‌కూ పార్లమెంటుకూ మధ్య జరిగిన అంతర్యుద్ధంలో, 1642లో ఎడ్జ్‌హిల్ దగ్గర జరిగింది ఇదే. రాజు తరఫు సేనాని, రాకుమారుడు రూపర్ట్ గుర్రాలు పార్లమెంటు గుర్రాలను తరుముతూ కైన్‌టన్ ఊరి దాకా పోయి సామాన్ల బళ్ల మీద పడ్డాయి. వెనక ఆగాల్సిన రెండో వరుసా ఆగలేదు. పార్లమెంటు వైపు మిగిలిన కొద్ది గుర్రాలే రాజు కాల్బలంలోకి చొచ్చుకుపోయాయి. రాజు జెండా కూడా కాసేపు చేజారింది. 1645లో నేజ్‌బీ దగ్గర రూపర్ట్ మళ్లీ తన వైపు గెలిచి, మళ్లీ బళ్ల దాకా పోయాడు. అవతలి పక్క గెలిచిన పార్లమెంటు సేనాని క్రామ్‌వెల్ మాత్రం ఓడిన గుర్రాలకు కాపలాగా కొందరిని ఉంచి, మిగతావాళ్లను మధ్యకు తిప్పాడు. రూపర్ట్ తిరిగొచ్చేసరికి రాజు కాల్బలం పని అయిపోయింది.

చాలా ఆటల్లో గెలిచిన యూనిట్ మీరు చెప్పకపోయినా వెంటబడుతుంది. అందుకే నేను గుర్రాలను ఎప్పుడూ రెండు వరుసల్లో పెడతాను. మొదటి వరుస పోయిందనే లెక్కేసుకుంటాను. మొదటి ఢీ తేలేదాకా రెండోదాన్ని ఒక్క గడి కూడా కదపను. తేలాక దాన్ని లోపలికి, శత్రు కాల్బలం వెనక్కి తిప్పుతాను. ముందు మస్కెట్‌వాళ్లను కొట్టండి. మీ పైక్‌లతో తలపడుతున్న పైక్‌ల వీపు ఆ తర్వాత.

పిస్తోళ్లు పేల్చి వెనక్కి తిరిగే కారకోల్ నాకు నచ్చదు, ఇక్కడ నేర్పను.

అభ్యాసం: నేజ్‌బీని రాజు పక్షాన ఆడండి. మీకు సుమారు 9,000 మంది, అవతల 14,000. రూపర్ట్ దళంలో ఒక్క యూనిట్ కూడా బళ్ల దాకా పోకుండా గెలవాలి. ప్రతి టర్న్‌లో రెండో వరుస ఎక్కడుందో రాసి పంపండి.