రైల్లో భోజనం తగ్గించారని రాసేటప్పుడు

తిరుపతిలో రైలెక్కాక తెలిసింది, ఇంతకుముందున్న ప్యాంట్రీ (భోజనం తయారుచేసి అందించే పెట్టె) ఇప్పుడు లేదని. అమ్మకు షుగర్, వేళకు తినాలి. కోపంతో రైల్వేకి రెండు పేజీల ఫిర్యాదు రాస్తే జవాబే రాలేదు.

రెండోసారి ఎనిమిది లైన్లే రాశాను. 10 అంకెల పీఎన్‌ఆర్, 5 అంకెల రైలు నంబర్, తేదీ, కోచ్, బెర్త్. ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్ దాకా, ఎన్ని గంటలు ఏమీ దొరకలేదో గడియారం టైముతో సహా పెట్టాను. ఇదే ముఖ్యం, దీన్ని మాత్రం వదలకండి. చివర ఒకే కోరిక: రాత్రి 8 లోపు భోజనం అందేలా చూడండి. రైల్వే ఫిర్యాదుల పోర్టల్ రైల్ మదద్‌లో పెట్టి, రిఫరెన్స్ నంబర్ స్క్రీన్‌షాట్ తీసుకున్నాను. ఈసారి ఫోన్ చేసి వివరాలు అడిగారు.

ఆ రైలుకి మొదటి నుంచీ ప్యాంట్రీ లేకపోతే మాత్రం ఇది ఫిర్యాదుగా నిలబడదు, వినతిగా రాయాలి. ప్రయాణంలోనే ఇబ్బందైతే ఉత్తరం కాదు, రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయండి.