పాత గ్రాండ్‌ఫాదర్ క్లాక్‌తో ఇల్లు మారుతున్నారా, ముందు ఇది చదవండి

ఇంగ్లండ్‌లో పాత గ్రాండ్‌ఫాదర్ క్లాక్ (నిలువెత్తు చెక్క పెట్టెలో లోలకం ఊగే గడియారం) కొనుక్కున్న మనవాళ్లు ఎవరైనా ఇల్లు మారుతుంటే దాన్ని బీరువాలా నిలువునా ఎత్తి వ్యాన్ ఎక్కించకండి. విప్పాల్సిందే, అదీ ఒక వరసలో, ఇద్దరు ఉండి.

ముందు పైనున్న హుడ్, అంటే డయల్‌ని కప్పి ఉంచే పైపెట్టె తీయండి, చాలావాటికి అది ముందుకు జారి వచ్చేస్తుంది. లోలకాన్ని చేత్తో ఆపండి. అసలు టెన్షన్ ఆ తర్వాతే. వారానికోసారి కీ ఇచ్చే గడియారాలకి లోపల వేలాడే రెండు బరువు గుండ్లు ఉంటాయి, ఒక్కోటి సుమారు ఐదారు కిలోలు. లోపలి యంత్రం ఒక చెక్క పలక మీద కూర్చుని ఉంటుంది, ఆ పలకకి చాలాసార్లు మేకు కూడా ఉండదు, గుండ్ల బరువే దాన్ని అదిమి పట్టి ఉంచుతుంది, అవి తీసేస్తే డయల్ బరువుకి మొత్తం ముందుకు ఒరిగి మీ మీదే పడొచ్చు. అందుకే ఒకరు యంత్రాన్ని గట్టిగా పట్టుకున్నాకే రెండోవారు గుండ్లు విప్పాలి. ఏది కుడి, ఏది ఎడమో రాసి అంటించండి, రెండిటి బరువూ ఒకటే కాకపోవచ్చు.

లోలకం దాదాపు మీటరు పొడవు, ఒక్క ఊపుకి ఒక సెకను. పైన అది వేలాడేది పల్చటి ఉక్కు రేకుతో. ఆ రేకు మడత పడితే టిక్కుకీ టాక్కుకీ మధ్య ఎడం సమానంగా రాదు, కొంతసేపటికి ఆగిపోతుంది. కాబట్టి లాగకుండా కాస్త పైకెత్తి తప్పించండి.

కొత్త ఇంట్లో రేడియేటర్ పక్కన వద్దు, చెక్క పొర లేచిపోతుంది. కార్పెట్ మీద ఊరికే నిలబెడితే పెట్టె కొద్దిగా ఊగుతుంది, గుండ్లు లోలకం ఎత్తుకి దిగేసరికి అవీ ఊగడం మొదలెట్టి గడియారాన్ని ఆపేస్తాయి. వెనక పలకని గోడకి స్క్రూతో బిగించండి, పిల్లలున్న ఇంట్లో ఇది తప్పనిసరి.

ఎలాగూ విప్పాం కదా అని తడిగుడ్డతో తుడిచేయకండి! రంగు వేసిన తెల్ల డయల్ మీద తయారీదారు పేరు అలాగే చెరిగిపోతుంది. లోపల ఎప్పటివారో రిపేరు చేసి గీకిన పేర్లు, తేదీలు ఉంటే అవీ ముట్టుకోకండి, ఆ గడియారం చరిత్రలో సగం అక్కడే ఉంటుంది. డయల్ మీది పేరు చాలాసార్లు అమ్మిన షాపువాడిది మాత్రమే. ఇక లండన్‌లో పేరుమోసిన పాతకాలం గడియారాల తయారీదారు థామస్ టాంపియన్ పేరు కనిపిస్తే తొందరపడి సంబరపడకండి. ఆయన 1713లో పోయాడు, వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో సమాధి చేశారు. రంగు వేసిన తెల్ల డయళ్లు వచ్చింది 1770ల్లో. తెల్ల డయల్ మీద ఆయన పేరుంటే ఆ డయల్ ఆయనది కానే కాదు, ఇత్తడి డయలైతే మాత్రం ఏమీ తోమకుండా ఫొటోలు తీసి, పాత గడియారాలు తెలిసినవాళ్లకి చూపించండి.