గండికోట బండిదారుల్లో ఫోనూ, కాగితపు పటమూ

జమ్మలమడుగు దాటి గండికోట చుట్టుపక్కల ఎర్రమల కొండల్లో జీపు తోలదలచినవారు ముందురోజే ఆ ప్రాంతపు పటాన్ని ఫోనులోకి దించుకోవాలి. జీపీఎస్‌కు ఇంటర్నెట్ అక్కరలేదు. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందితే మన స్థానం తెలుస్తుంది. అయితే పటం దించుకోకపోతే, టవరు అందనిచోట ఖాళీ తెర మీద నీలిచుక్క ఒక్కటే మిగులుతుంది. పెన్నా లోయ అడుగున, నిటారు బండల మధ్య ఆ చుక్క కూడా పక్కకు జరగవచ్చు.

కాగితమైతే సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 పటం మేలు. అందులో 2 సెంటీమీటర్లంటే నేల మీద 1 కిలోమీటరు. ఎత్తురేఖలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) ఒకదానినొకటి ఒరుసుకుంటున్నట్లు ఉంటే అక్కడ బండి ఎక్కదని అర్థం. ఫోను చూపే దగ్గరిదారి ఆ సంగతి చెప్పదు, నల్లరేగడి చేను అడ్డముందనీ చెప్పదు. వాన పడిన మర్నాడు అలాంటి దారిని నమ్మి, చక్రాలు సగం దాకా దిగబడగా, ట్రాక్టరు వచ్చేదాకా గట్టున కూర్చున్నాను. అలాగని పాత పటాన్నీ గుడ్డిగా నమ్మకూడదు: గండికోట జలాశయంలో మునిగిన ఊళ్లూ, వాటి దారులూ అందులో ఇంకా కనిపిస్తాయి.

నేనైతే అరగంటకొకసారి ఆగి, ఫోనులోని అక్షాంశ రేఖాంశాలను చూసి, పటం మీద పెన్సిలుతో చుక్క పెట్టి, పక్కన సమయం రాస్తాను. అక్షాంశంలో 1 నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు) దాదాపు 1.85 కిలోమీటర్లు కాబట్టి, ఫోనును డిగ్రీలూ నిమిషాలూ చూపేలా ముందే మార్చుకోవాలి. ఎండకు ఫోను వేడెక్కి ఆగిపోతే, చివరి చుక్క నుంచి దిక్సూచి సాయంతో వెనక్కి రావచ్చు. జీపు ఇనుము ముల్లును లాగుతుంది కనుక, దానికి బాగా దూరంగా వెళ్లి దిక్కు చూడాలి.