బియర్డెడ్ డ్రాగన్ గడ్డం నల్లబడితే ముందు ఏం చూడాలి?

మా పకోడి వచ్చిన కొత్తలో రోజూ సాయంత్రం నాలుగింటికి గడ్డం నల్లగా చేసుకొని, ఒళ్లంతా జొన్నరొట్టెలా పరిచి నేలకు అతుక్కుపోయేది. పకోడి అంటే మా బియర్డెడ్ డ్రాగన్, తొండలాంటి పెంపుడు బల్లి. గొంతు కింద ముళ్లముళ్లుగా ఉండే చర్మమే దాని గడ్డం. "తొండను ఇంట్ల పెట్టుకొని ఎవరన్న సాదుతరా? దాని గుణమే అంత" అని అమ్మమ్మ తేల్చేసింది. నేను మేత మార్చాను, లైటు మార్చాను, అది ఉండే అద్దాల పెట్టెను, అంటే ట్యాంక్‌ను, రెండుసార్లు కడిగాను. మూడు వారాలయ్యాక ఒక ఆదివారం ఊరికే పక్కన కూర్చుంటే సంగతి తెలిసింది. ఆ వేళకు మా బాల్కనీ వల మీదికి పావురాలు చేరతాయి. ఏటవాలు ఎండలో వాటి నీడలు ట్యాంక్ మీదుగా పోతున్నాయి. ట్యాంక్‌ను ఎదురు గోడకు జరిపాను. ఆ నాలుగింటి వేషం ఆగిపోయింది.

అమ్మమ్మ తొండ అనడంలో తప్పేం లేదు. మన తొండా, ఇదీ ఒకే కుటుంబం, అగామిడే. దీని పుట్టిల్లు మాత్రం ఆస్ట్రేలియా నడిమధ్యన ఉండే ఎండు భూములు. అక్కడ చావు గద్ద రూపంలో పైనుంచి వస్తుంది. దీని నడినెత్తిన వెలుగునీడల్ని పసిగట్టే చిన్న మూడో కన్ను కూడా ఉంది. పావురం నీడకు అంత హడలిపోయిందంటే అందుకే. మీరు పైనుంచి చెయ్యి దింపినా దానికి గద్దే. పక్కనుంచి, చెయ్యి కనబడేలా వెళ్లి, పొట్ట కింద అరచెయ్యి పెట్టి ఎత్తండి.

1. వారం రోజులు రాసుకోండి

టైము, ఎక్కడుంది, ఒంట్లో ఏ భాగం రంగు మారింది, అంతకు ముందు ఏం జరిగింది. ఈ నాలుగూ చాలు. మా నోటుబుక్కులో ఒక రోజు ఇలా ఉంది: "ఉదయం 8.10, రాయి మీద, వీపు ముదురు, గడ్డం మామూలు. 8.45, వీపు తేటపడింది. 11.20, పనావిడ చీపురు ఊపింది, గడ్డం నలుపు. 11.30, మామూలు."

వీపుదీ గడ్డానిదీ ఒకే లెక్క కాదు. పొద్దున్నే వీపు నల్లబడితే ఎండను త్వరగా పీల్చుకోవడానికి. ఒళ్లు కాగాక మళ్లీ తేటపడుతుంది. గడ్డం నలుపు ఎదుటివాళ్లకు చెప్పే మాట: భయం, కోపం, "నా జోలికి రాకు". పొట్ట మీద ముదురు గీతలు, కోడిగుడ్డు ఆకారపు మచ్చలు వస్తే ఒత్తిడో చలో అయ్యుంటుంది. రాత్రి నిద్రలో పాలిపోయినట్టు కనబడితే కంగారు పడకండి, అది మామూలే.

2. గుణం అనే ముందు వేడి కొలవండి

నా అనుభవంలో సగం "కోపాలు" థర్మామీటర్ దగ్గరే తేలిపోతాయి. లైటు కింద రాయి మీద 38 నుంచి 42 డిగ్రీలు, ఆ చివర చల్లటి వైపు 25 నుంచి 29 ఉండాలి. ట్యాంక్ గోడకు అంటించే గుండ్రటి మీటర్లను నేను నమ్మను. రాయి వేడికి టెంపరేచర్ గన్, చల్లటి వైపుకు తీగ ఉన్న డిజిటల్ మీటరు వాడండి. యూవీబీ ట్యూబ్, అంటే ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలనిచ్చే లైటు, రోజుకు 12 గంటలు వెలగాలి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ ఆ లోటు తీర్చదు, అద్దం యూవీబీని ఆపేస్తుంది.

విదేశాల వాళ్లు చెప్పేదంతా వేడి ఎలా పెంచాలనే. హైదరాబాద్‌లో మే నెల తంటా దానికి తలకిందులు. బయట 41, గదిలో 35 ఉంటే ఇక చల్లటి మూల ఎక్కడిది? తక్కువ వాట్ల బల్బు పెట్టండి, మధ్యాహ్నం గది మరీ కాగితే దాన్ని ఆర్పేసి ట్యూబ్ ఒక్కటే ఉంచండి. ఎయిర్ కూలర్ ఉన్న గది మాత్రం వద్దు, ఎడారి జీవికి ఆ తేమ పడదు. వానాకాలంలో నీళ్ల గిన్నెను లైటుకు దూరంగా జరపండి.

3. చేష్టలు చదవండి

నోరు తెరిచి రాయి మీద కూర్చుంటే ఒంట్లో వేడి వదులుకుంటోంది. చల్లటి వైపు కూర్చుని కూడా నోరు తెరుస్తుంటే, మూతి దగ్గర బుడగలు కనబడితే, అది ఊపిరితిత్తుల జబ్బు కావచ్చు.

తల ఊపడం మన పిట్టగోడ మీద తొండ చేసేదే: "ఇది నా జాగా". ఒక చెయ్యి ఎత్తి నెమ్మదిగా తిప్పితే "నేను చిన్నదాన్ని, వదిలెయ్" అని. జనం దాన్ని టాటా అనుకొని వీడియోలు తీస్తారు.

అద్దాన్ని గీరుతూ పైకి ఎగబాకుతుంటే చాలామంది బయటికి రావాలని సరదా పడుతోందనుకుంటారు. ముందు గదిలో లైటు ఆర్పి చూడండి, అద్దంలో దాని ప్రతిబింబం మీకూ కనబడుతుంది. దానికి అది మరో డ్రాగన్. మూడు వైపులా బయటినుంచి చార్ట్ పేపర్ అంటిస్తే తరచూ ఆగిపోతుంది. ఆగకపోతే వేడి, ఇరుకు, ఆకలి వరసగా చూడండి. ఆడది అదేపనిగా తవ్వుతుంటే గుడ్లు పెట్టే ప్రయత్నం కావచ్చు. మగతోడు లేకున్నా పెడతాయి. లోతైన తడి ఇసుక పెట్టె ఇవ్వండి.

తోడు కోసం రెండోదాన్ని తెస్తానంటారా? తేవద్దు. ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చోవడం ప్రేమ కాదు, పైది కిందిదాని వెలుతురూ వేడీ లాక్కుంటోంది.

4. వదిలేయండి

కొత్తగా వచ్చిన పిల్లను రెండు వారాలు ఎత్తకండి. మేత, నీళ్లు, శుభ్రం, అంతే. నిమజ్జనం డప్పులకు, దీపావళి టపాసులకు ట్యాంక్‌ను లోపలి గదికి మార్చి గుడ్డ కప్పండి. నిమిరితే కళ్లు మూసుకుంటోందని మురిసిపోకండి, అది ఓర్చుకోవడం కూడా కావచ్చు.

5. ఎప్పుడు డాక్టర్?

వారానికోసారి వంటింటి కాటా మీద తూచండి. బరువు పదో వంతు తగ్గినా, కాళ్లు వణికినా, దవడ మెత్తబడినా, తోక కొస నల్లగా ఎండినా, గడ్డం రోజంతా నల్లగానే ఉన్నా ఆగకండి. కుక్కల్ని చూసే ప్రతి డాక్టరూ వీటిని చూడరు. ముందే ఫోన్ చేసి అడిగి పెట్టుకోండి. వెళ్లేటప్పుడు నోటుబుక్కు, ట్యాంక్ ఫోటో, పురుగుల పరీక్షకు తాజా రెట్ట తీసుకెళ్లండి. వెంటనే వెళ్లలేకపోతే రెట్టను మూత గట్టిగా ఉన్న డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో ఉంచవచ్చు. డబ్బా మీద పేరు రాయండి. మేం రాయలేదు, అమ్మమ్మ తెరిచింది.