వియత్నాంలో ఫిన్ కాఫీ తాగడం ఎలా?

హనోయి పాతబస్తీలో ఒక పేవ్‌మెంట్ కాఫీ కొట్టు ముందు కూర్చున్నాను. పక్క బల్ల దగ్గర ఐదుగురు, మనవాళ్లే, తెలుగు మాటలు వినబడుతున్నాయి. కొట్టావిడ ఒక్కొక్కరి ముందు గ్లాసు పెట్టి, దాని మీద ఫిన్, అంటే వాళ్ల చిన్న కాఫీ ఫిల్టర్, పెట్టి వెళ్లింది. నిమిషం కూడా కాలేదు, ఒకాయన మూత తీసి తొంగిచూశాడు. "ఏంటిది, దిగట్లేదు" అంటూ స్పూన్‌తో లోపల కలిపేశాడు, బిళ్లను గట్టిగా నొక్కాడు. పొడంతా గ్లాసులోకి దిగింది. రెండు గుక్కలు తాగి, చేదు, బురద అని అక్కడే వదిలేసి లేచారు. ఆ గ్లాసు చూస్తే నా ప్రాణం ఉసూరుమంది. ఇది మొదటిసారి కాదు, వెళ్లిన ప్రతిసారీ చూస్తున్నదే. ఇంట్లో రోజూ ఫిల్టర్‌లో డికాక్షన్ దించుకునేవాళ్లం మనం. ఈ కాఫీ మనకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

ఫిన్ అంటే మన ఫిల్టరే. చిల్లులున్న గిన్నె, పొడి మీద ఆనించే చిల్లుల బిళ్ల, పైన మూత. తేడా ఒక్కటే. మన ఫిల్టర్‌కి కింద గిన్నె ఉంటుంది, డికాక్షన్ దాంట్లోకి దిగాక వేడి పాలల్లో కలుపుకుంటాం. వాళ్లది నేరుగా తాగే గ్లాసు మీదే కూర్చుంటుంది, అడుగున ముందే పోసి ఉంచిన కండెన్స్‌డ్ మిల్క్ మీద చుక్కచుక్కగా పడుతుంది.

మొదట కొట్టు ఎంచుకోవాలి. ఫుట్‌పాత్ మీద చిన్న ప్లాస్టిక్ స్టూళ్లు, వాటి మీద పొద్దున్నే పేపరు చదువుకునే ముసలివాళ్లు ఉన్న చోట కూర్చోండి, చాలు. ఎస్ప్రెస్సో మెషిన్ కనబడితే ముందుకు నడవండి. పొద్దున ఏడు, తొమ్మిది మధ్యలోనే వెళ్లాలి. ఇంకో సంగతి, ఈ మధ్య చాలా కొట్లలో డికాక్షన్ ముందే పెద్ద ఎత్తున దించి పెట్టుకుని, అడగ్గానే పోసి ఇచ్చేస్తున్నారు. "ఫిన్" అని అడిగి, ఫిన్‌ని బల్ల మీదికే తెప్పించుకోండి.

పిలవడం తేలిక. మనకన్నా చిన్నవాళ్లనిపిస్తే "ఎమ్ ఓయ్", అన్న వయసుంటే "అన్ ఓయ్", అక్క వయసుంటే "చి ఓయ్", పిన్ని వయసావిడైతే "కో ఓయ్". ఓయ్ అని పిలవడానికి మనవాళ్లకి నోరు రాదు, మన దగ్గర అది మర్యాద కాదు కదా. అక్కడ అది "తమ్ముడూ" అన్నప్పుడు చివర మనం తీసే దీర్ఘం లాంటిది. వరస పెట్టి పిలిచే అలవాటు మనకి ఎలాగూ ఉంది, మొహమాటపడకండి.

ఆర్డర్ చేయాల్సింది సైగాన్‌లో (ఇప్పటి హో చి మిన్ సిటీ) అయితే "కాఫే సువా డా", హనోయిలో అయితే "నౌ డా". రెండూ పాలు, ఐస్ ఉన్న కాఫీయే. నౌ అంటే గోధుమరంగు, డా అంటే ఐస్. పలకడం కుదరకపోతే ఫోన్‌లో రాసి చూపించండి. మొదటి గ్లాసు ఎప్పుడూ పాలతోనే, ఐస్‌తోనే తాగాలి. "డెన్ డా" అంటే పాలు లేని బ్లాక్ కాఫీ, అందులోనూ చాలాచోట్ల చక్కెర వేసే ఇస్తారు. షుగర్ ఉన్నవాళ్లు "ఖోమ్ డువాంగ్", అంటే చక్కెర వద్దు అని ముందే చెప్పాలి.

మామూలు పాలు కావాలని మాత్రం పట్టుబట్టకండి. ఫ్రెంచివాళ్లు 1857లో కాఫీ మొక్క తెచ్చినప్పుడు అక్కడ తాజా పాలు దొరికేవి కావు. డబ్బాలో వచ్చే కండెన్స్‌డ్ మిల్క్‌తో మొదలైన కాఫీ, ఆ చిక్కదనానికి తగ్గట్టే పెరిగింది. పైగా అక్కడ పండేది ఎక్కువగా రోబస్టా. అరకు కొండల్లో మన గిరిజనులు పండించేది అరబికా, సున్నితమైన రకం. రోబస్టా ముతకది, చేదెక్కువ, కెఫీన్ దాదాపు రెట్టింపు. మామూలు పాలు పోస్తే ఆ చేదు పైకి తేలుతుంది. కండెన్స్‌డ్ మిల్కే దాన్ని పట్టి ఉంచుతుంది.

ఇక అసలు పని. అందరూ చెడగొట్టేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

ఫిన్ వచ్చాక చేతులు ఒళ్లో పెట్టుకోండి. మూత తీయొద్దు. మూత తీస్తే వేడి పోతుంది, వేడి పోతే డికాక్షన్ పలచబడుతుంది. గ్లాసు పక్కనుంచి చూడండి. అడుగున తెల్లటి పాలు, వాటి మీద నల్లటి చుక్క పడి కలవకుండా పైనే నిలుస్తుంది. చుక్క మీద చుక్క, నెమ్మదిగా నల్లటి పొర కడుతుంది. సెకనుకి ఒక చుక్క చొప్పున పడుతుంటే అంతా సరిగ్గా ఉన్నట్టే. మొత్తం దిగడానికి ఐదు నిమిషాలు, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువ. ఈ ఐదు నిమిషాలూ వీధిని చూడండి. అక్కడివాళ్లు చేసేది కూడా అదే.

చుక్కలు మరీ నెమ్మదిగా పడుతున్నాయా? అయినా బిళ్లను నొక్కకండి. నొక్కితే పొడి ఇంకా బిగుసుకుంటుంది, లేదంటే చిల్లుల్లోంచి గ్లాసులోకి జారుతుంది. లోపల స్పూన్ పెట్టి కలిపితే అంతకన్నా ఘోరం, పొడి మట్టం చెదిరి నీళ్లు ఒక పక్కనుంచే పారిపోతాయి. కొన్ని ఫిన్‌లకి బిళ్ల మర మీద తిరుగుతుంది, అలాంటివి బిగుసుకుంటే కొట్టావిడే కాస్త వదులు చేసి ఇస్తుంది. ఆవిడని పిలవండి, మీరు ముట్టుకోవద్దు. ఇంకొన్ని వేడినీళ్లు పోయమని కూడా అడగొద్దు. రెండోసారి దిగేదాంట్లో రంగు తప్ప రుచి ఉండదు, మన ఇంట్లో సెకండ్ డికాక్షన్ సంగతి మనకి తెలియనిదా!

చుక్కలు ఆగాయి. ఇప్పుడు మూత తీసి బల్ల మీద వెల్లకిలా పెట్టండి. ఫిన్‌ని అంచు పట్టుకుని లేపి ఆ మూతలో కూర్చోబెట్టండి. మూత ఉన్నది అందుకే. చాలామందికి ఇది తెలియక కాలుతున్న ఫిన్‌ని నేరుగా బల్ల మీద పెడతారు, మిగిలిన చుక్కలు కారి బట్టల మీద పడతాయి.

ఆ తర్వాత కలపడం. ఐస్ పక్క గ్లాసులో సిద్ధంగా ఉంటుంది, చెయ్యి దాని మీదకే పోతుంది. ఆగండి. ముందు కాఫీని వేడిగా ఉన్నప్పుడే కలపాలి. ఐస్ తగిలితే అడుగున ఉన్న పాలు బిగుసుకుని గ్లాసుకి అంటుకుపోతాయి, ఇక కరగవు. అప్పుడు మొదటి గుక్కలు కషాయం, చివరి గుక్క పాకం. స్పూన్‌ని అడుగుదాకా దించి, గోకుతూ పైకి తేవాలి. ఇరవై సార్లు. గ్లాసుని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అడుగున తెల్లటి గీత కూడా కనబడకూడదు. మొత్తం ఒకే ముదురు బెల్లం రంగుకి రావాలి. అప్పుడు ఒక్కసారిగా ఐస్ మీద ఒంపేయండి. ఐస్‌ని కాఫీలో వేయడం కాదు, కాఫీని ఐస్ మీద పోయడం. ఇంకోసారి కలిపి తాగండి.

గబగబా తాగొద్దు. ఐస్ కరిగేకొద్దీ రుచి మారుతుంటుంది, మధ్యలో ఒకచోట చేదు, తీపి సరిగ్గా సమం అవుతాయి. నాకు ఈ కాఫీ అంటే ప్రాణం ఆ నాలుగు గుక్కల కోసమే. సైగాన్‌లో కాఫీతో పాటు ఐస్ టీ గ్లాసు కూడా తెచ్చి పెడతారు. మేం అడగలేదని వెనక్కి పంపకండి, మామూలుగా దానికి డబ్బు తీసుకోరు. కాఫీ అయ్యాక నోరు కడిగినట్టు తాగాలి దాన్ని. సాయంత్రం ఐదు దాటాక మాత్రం ఈ కాఫీ జోలికి పోవద్దు, రాత్రి నిద్ర రాదు.

హనోయిలో గుడ్డు కాఫీ గురించి అందరూ చెబుతారు. 1946లో పాలు దొరకని రోజుల్లో, మెట్రోపోల్ హోటల్లో పనిచేసే న్గుయెన్ వాన్ జాంగ్ గుడ్డు సొన గిలక్కొట్టి పాల బదులు వాడాడు. ఆయన పేరుతో ఉన్న కొట్టు ఇప్పటికీ నడుస్తోంది. చల్లారకుండా కప్పుని వేడినీళ్ల గిన్నెలో పెట్టి ఇస్తారు. గుడ్డు తిననివాళ్లు దీని జోలికి పోకండి, మెనూలో "చుంగ్" అన్న మాట ఉంటే అందులో గుడ్డు ఉన్నట్టే. ఫిన్ కాఫీలో ఆ బాధ లేదు.

డబ్బులిచ్చేటప్పుడు నోటు వెలుతురులో చూసి ఇవ్వండి. 20 వేల డాంగ్‌ల నోటు, 5 లక్షల నోటు రెండూ నీలంగానే ఉంటాయి. ఫుట్‌పాత్ మీద కాఫీ 25 వేల డాంగ్‌లు, అంటే రమారమి 80 రూపాయలు. బోర్డు మీద 25కె అని రాసి ఉంటుంది.

తిరిగొచ్చేటప్పుడు ఒక ఫిన్ కొనుక్కోండి, ఒక్క గ్లాసుకి సరిపోయే చిన్నది, మర లేనిది. కాఫీ పొడి కూడా అక్కడే అరకిలో తీసుకోండి. మన ఫిల్టర్ పొడి దానికి మరీ సన్నం, చిల్లుల్లోంచి గ్లాసులోకి దిగిపోతుంది.