మార్పులు చేసిన కారులో చెక్ ఇంజిన్ లైట్: ఆక్సిజన్ సెన్సార్ కోడ్‌కు అసలు కారణం పట్టుకోవడం ఎలా

కొత్త హెడర్లో (ఇంజిన్ నుంచి పొగను బయటికి తెచ్చే పైపులు), పెద్ద ఇన్‌టేకో (గాలిని లోపలికి తెచ్చే పైపు), హై ఫ్లో క్యాటలిటిక్ కన్వర్టరో (పొగను శుభ్రం చేసే భాగం) బిగించాక కొన్నాళ్లకే చెక్ ఇంజిన్ లైట్ వెలగడం మామూలే. స్కానర్‌లో ఆక్సిజన్ సెన్సార్ (పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను చూసేది) మాట కనబడగానే చాలామంది కొత్త సెన్సార్ కొనేస్తారు. ఎక్కువసార్లు ఆ డబ్బు దండగే. సెన్సార్ తనకు తగిలిన గాలినే చెబుతోంది, ఆ గాలే మారిపోయింది. వెతుకులాట ఈమధ్య విప్పి బిగించిన చోటు నుంచే మొదలుపెట్టాలి.

కోడ్ వెంటనే చెరిపేయకండి. కోడ్ పడిన క్షణంలో ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) దాచిన ఫ్రీజ్ ఫ్రేమ్‌లోంచి ఆర్‌పీఎం, లోడ్, కూలెంట్ వేడి, షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్‌లు (ఈసీయూ పెట్రోలును ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చెప్పే అంకెలు) రాసుకోండి. చెరిపితే అవి కూడా పోతాయి. లైట్ నిలకడగా కాకుండా మిణుకుమిణుకుమంటుంటే అది తీవ్రమైన మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకపోవడం). బండి ఆపేయండి. కాలని పెట్రోలు కన్వర్టర్‌లో మండి దాన్ని లోపలే కరిగించేస్తుంది.

బ్యాంక్ 1 అంటే ఒకటో నంబరు సిలిండర్ ఉన్న వైపు. సెన్సార్ 1 కన్వర్టర్‌కు ముందుండేది, సెన్సార్ 2 తర్వాత ఉండేది.

లీన్ (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ) కోడ్ పి0171 లేదా పి0174, కానీ ఇంజిన్ బాగానే నడుస్తోంది

హెడర్లు మార్చిన కారైతే ముందు ఎగ్జాస్ట్ లీక్ చూడండి. ఎగ్జాస్ట్ ప్రతిక్షణం బయటికే నెడుతూ ఉండదు. ఒక్కో పల్స్ వెనక క్షణకాలం పీడనం పడిపోయి, గ్యాస్కెట్ (కీలు మధ్య పెట్టే సీలు) సందులోంచి బయటి గాలి లోపలికొస్తుంది. అందులోని ఆక్సిజన్ చూసి సెన్సార్ లీన్ అంటుంది, ఈసీయూ పెట్రోలు పెంచుతుంది. నిజానికి ఇంజిన్ రిచ్‌గా (పెట్రోలు ఎక్కువై) నడుస్తుంటుంది: పొగ వాసన, నల్లబడిన ప్లగ్గులు, పడిపోయిన మైలేజీ.

చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో ఫ్లాంజ్ (పైపును బోల్టులతో బిగించే అంచు) దగ్గర టిక్ టిక్ శబ్దం వినండి. లోహం వేడెక్కి వ్యాకోచించాక సందు మూసుకుని శబ్దం ఆగిపోవచ్చు. లేదంటే ఇంజిన్ చల్లగా, ఆపి ఉండగా టెయిల్ పైపులోకి బ్లోయర్‌తో గాలి పెట్టి, కీళ్ల మీద సబ్బు నీళ్లు చల్లండి. బుడగలు, మసి చారలు చోటు చూపిస్తాయి. ఫ్లాంజ్ మీద స్కేలు ఆనించి వంకర ఉందేమో చూసి, కొత్త గ్యాస్కెట్ వేయండి. ఇంజిన్ కొన్నిసార్లు వేడెక్కి చల్లారాక బోల్టులు మళ్లీ చెప్పిన టార్క్‌కు బిగించాలి.

లీక్ లేదని తేలితే ట్రిమ్‌లే దారి చూపిస్తాయి. ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ప్లస్ 20 శాతం ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర సున్నా వైపు దిగితే ఇన్‌టేక్ వైపు వాక్యూమ్ లీక్ (లెక్కలోకి రాని గాలి లోపలికి రావడం). లోడ్‌తోపాటు పెరుగుతుంటే పెట్రోలు సరిపోవడం లేదు, లేదా ఎయిర్ ఫ్లో సెన్సార్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని కొలిచేది) గాలిని తక్కువగా లెక్కిస్తోంది. పాత ఎయిర్ ఫ్లో సెన్సార్‌ను వ్యాసం ఎక్కువున్న పైపులో పెడితే అదే జరుగుతుంది: అంతే గాలి నెమ్మదిగా వెళ్తుంది, సెన్సార్ తక్కువ చెబుతుంది. పాత వ్యాసమే ఉన్న హౌసింగ్ వేయాలి, లేదా ట్యూన్‌లో (ఈసీయూ ప్రోగ్రామ్‌లో) ఎయిర్ ఫ్లో పట్టిక మార్చాలి. నూనె పట్టించే ఫిల్టర్ వాడితే నూనె ఎక్కువై ఆ సెన్సార్ లోపలి తీగకు అంటిందేమో చూసి, దానికోసమే చేసిన క్లీనర్ స్ప్రేతో కడగండి. తీగను వేలితో ముట్టుకోవద్దు.

ఓవర్‌ల్యాప్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ ఒకేసారి తెరిచి ఉండే సమయం) ఎక్కువున్న క్యామ్‌లు ఐడిల్‌లో కాలని గాలిని నేరుగా ఎగ్జాస్ట్‌లోకి వదులుతాయి. మిస్‌ఫైరూ అంతే, వాడని ఆక్సిజన్ బయటికొచ్చి లీన్‌లా కనబడుతుంది. వీటికి సెన్సార్ మారిస్తే ఏమీ కాదు.

ఒక బ్యాంక్ లీన్, రెండోది రిచ్

వీ ఇంజిన్‌లో (సిలిండర్లు రెండు వరసలుగా ఉండేది) పి0171, పి0175 కలిసి వస్తే, లేదా పి0172, పి0174 కలిసి వస్తే, రెండు ముందు సెన్సార్ల కనెక్టర్లు తారుమారు అయ్యాయేమో చూడండి. ఈసీయూ ఒక వైపు పెట్రోలు మారుస్తుంది, ఫలితం రెండో వైపు సెన్సార్‌లో చూస్తుంది. అందుకే రెండూ చెరో చివరికి పరుగెత్తుతాయి. ఒక కనెక్టర్ పీకి స్కానర్‌లో ఏ రీడింగ్ ఆగిందో చూస్తే తేలిపోతుంది.

సెన్సార్‌ను వేడెక్కించే హీటర్ కోడ్‌లు పి0135, పి0141

ముందు ఫ్యూజు. తర్వాత వైరు హెడర్‌కు తగిలి కాలిందేమో. ఆపైన సెన్సార్ కనెక్టర్‌లో ఒకే రంగున్న రెండు హీటర్ వైర్ల మధ్య రెసిస్టెన్స్ కొలవండి. చల్లగా ఉన్నప్పుడు సాధారణంగా కొన్ని ఓమ్‌లు చూపాలి, కచ్చితమైన అంకె మీ కారు మాన్యువల్‌లో ఉంటుంది. అసలు కనెక్షనే లేదంటే హీటర్ పోయినట్టే. లాంగ్ ట్యూబ్ హెడర్లకు వైరు చాలకపోతే రెడీమేడ్ ఎక్స్‌టెన్షన్ హార్నెస్ వాడండి. సెన్సార్ వైర్లకు సోల్డర్ పెట్టొద్దు. చాలా సెన్సార్లు రిఫరెన్స్ గాలిని (పొగతో పోల్చుకునే బయటి గాలి) వైరు తీగల సందుల్లోంచే తీసుకుంటాయి. ఆ దారి మూసుకుంటే రీడింగే తప్పు.

హై ఫ్లో కన్వర్టర్ తర్వాత పి0420 (కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదనే కోడ్)

మంచి కన్వర్టర్ వెనక సెన్సార్ వేడెక్కాక నిలకడగా 0.6, 0.7 వోల్ట్‌ల దగ్గర ఉంటుంది. అది 0.1, 0.9 మధ్య గబగబా ఊగుతుంటే కన్వర్టర్ ఆక్సిజన్ నిల్వ చేయలేకపోతోంది. కన్వర్టర్ దగ్గర కీళ్లలో లీక్ లేదని తేల్చుకున్నాకే కన్వర్టర్‌ను తప్పుబట్టండి. 200 సెల్ కన్వర్టర్లు (చదరపు అంగుళానికి 200 సన్నని రంధ్రాలున్నవి) చాలావరకు ఇక్కడే ఓడిపోతాయి. సెన్సార్‌ను పైపు నుంచి దూరం జరిపే స్పేసర్ లైట్ ఆర్పుతుంది, పొగను మాత్రం శుభ్రం చేయదు. చాలా దేశాల్లో అది చట్టవిరుద్ధం కూడా. ఎక్కువ సెల్‌లు, తగినంత లోహపూత ఉన్న కన్వర్టర్‌ను, వేడి త్వరగా అందేలా ఇంజిన్‌కు దగ్గరగా పెట్టించడమే సరైన పరిష్కారం.

సెన్సార్‌నే అనుమానించాల్సి వస్తే

నారోబ్యాండ్ సెన్సార్ (రిచ్ లేదా లీన్ అని మాత్రమే చెప్పేది) బాగా వేడెక్కాక, ఇన్‌టేక్‌లోకి కొద్దిగా ప్రొపేన్ వదిలితే 0.8 వోల్ట్ దాటాలి. ఎయిర్ ఫ్లో సెన్సార్ ఉన్న ఇంజిన్‌లో వాక్యూమ్ గొట్టం పీకితే 0.2 కిందికి దిగాలి. రెండింటి మధ్య మార్పు చటుక్కున జరగాలి. నింపాదిగా కదిలితే సెన్సార్ మొనకు విషపదార్థం పట్టింది: సెన్సార్‌కు పడని సిలికాన్ సీలెంట్, లీకైన కూలెంట్, కాలుతున్న నూనె ప్రధాన కారణాలు. ఆ కారణం సరిచేయకుండా కొత్తది పెడితే దానికీ అదే గతి. వైడ్‌బ్యాండ్‌కు (గాలి, పెట్రోలు నిష్పత్తిని అంకెలో చెప్పే సెన్సార్) ఈ వోల్ట్ పరీక్ష వర్తించదు, స్కానర్‌లో ఆ నిష్పత్తిని చూపే లాంబ్డా విలువ చూడాలి.

బిగించేటప్పుడు చాలా సెన్సార్లకు మరలు ఎం18, 1.5 పిచ్; 22 మి.మీ. సాకెట్, 40 నుంచి 50 న్యూటన్ మీటర్ల టార్క్. యాంటీ సీజ్ (మరలు పట్టేయకుండా పూసే పేస్టు) మొనకు అంటకూడదు. అదనంగా వైడ్‌బ్యాండ్ పెడితే టర్బో తర్వాత, కన్వర్టర్‌కు ముందు, నీరు నిలవకుండా నేలకు సమాంతరమైన గీత కంటే కనీసం 10 డిగ్రీలు పైకి వాలేలా పెట్టండి. పవర్ ఇవ్వకుండా పైపులో వదిలేసి బండి నడిపితే మసి పట్టి పాడవుతుంది.

సరిచేశాక

కోడ్ చెరిపితే రెడీనెస్ మానిటర్లు (ఈసీయూ ఒక్కో భాగాన్ని పరీక్షించడం పూర్తయిందో లేదో చూపేవి) కూడా సున్నాకు వస్తాయి. పై కోడ్‌లలో చాలావరకు వరసగా రెండు ట్రిప్పుల్లో (స్టార్ట్ చేసి నడిపి ఆపితే ఒక ట్రిప్పు) తప్పు కనబడితేనే లైట్ వెలిగిస్తాయి, కాబట్టి మొదటి రోజు లైట్ లేకపోవడం రుజువు కాదు. చల్లని స్టార్ట్, కాసేపు ఐడిల్, ఆపైన స్థిరమైన వేగంతో హైవే ప్రయాణం పూర్తిచేసి, పెండింగ్ కోడ్‌లు (తప్పు కనబడినా ఇంకా లైట్ వెలిగించనివి) చూడండి. లాంగ్ టర్మ్ ట్రిమ్ ఐడిల్‌లోనూ 2500 ఆర్‌పీఎంలోనూ ప్లస్ లేదా మైనస్ 10 శాతంలోపు ఉండి, కన్వర్టర్ మానిటర్ పూర్తయినట్టు కనబడితే పని అయినట్టే.