ప్రామాణిక టైపుల రీ-ఎక్స్‌పోర్ట్: ఎదురయ్యే దోషాలు, కారణాలు, పరిష్కారాలు

రస్ట్ ప్రోగ్రామింగ్ భాషలో ‘పబ్ యూజ్’ ద్వారా ప్రామాణిక లైబ్రరీ (ఎస్‌టీడీ)లోని టైపును మన లైబ్రరీ నుంచి బయటికి ఇచ్చినంత మాత్రాన, అంటే రీ-ఎక్స్‌పోర్ట్ చేసినంత మాత్రాన, కొత్త టైపు పుట్టదు. ఉన్నదానికే మరో దారి ఏర్పడుతుంది. ఎస్‌టీడీ చేసేదీ ఇదే: దాని అడుగున ఉండే కోర్, అలాక్ అనే లైబ్రరీల్లో డ్యూరేషన్ అసలు చోటు కోర్, వెక్ అసలు చోటు అలాక్. పైగా మామూలు బిల్డ్‌లో ఎస్‌టీడీ ఒక్కటే ఉంటుంది కనుక, బయటి క్రేట్ల (రస్ట్ లైబ్రరీల) టైపులతో వచ్చే వెర్షన్ల తగాదా ఇక్కడ తలెత్తదు. వాడేవారి సౌకర్యం పేరిట చేసే ఇలాంటి రీ-ఎక్స్‌పోర్టులు చాలావరకు అనవసరమని నా అభిప్రాయం.

రిజల్ట్ దగ్గర ఈ0107 (కంపైలర్ దోష సంఖ్య)

లక్షణం: మీ ప్రిల్యూడ్‌ను (తరచూ వాడే పేర్లను ఒకచోట ఉంచిన మాడ్యూల్‌ను) నక్షత్రం గుర్తుతో దిగుమతి చేసుకున్న వెంటనే, అంతవరకు కంపైల్ అయిన రిజల్ట్<స్ట్రింగ్, పార్స్‌ఎర్రర్> వద్ద, ఒక్క జెనరిక్ ఆర్గ్యుమెంట్ చాలిన చోట రెండు ఇచ్చారని కంపైలర్ అభ్యంతరం చెబుతుంది.

కారణం: మీ ప్రిల్యూడ్‌లో రిజల్ట్ అనే, ఒక్క పారామీటరే తీసుకునే ఏలియాస్ (టైపుకు మారుపేరు) ఉంది. నక్షత్రంతో వచ్చిన పేరు ప్రామాణిక ప్రిల్యూడ్‌లోని పేరును కప్పేస్తుంది.

పరిష్కారం: ఆ ఏలియాస్‌ను ప్రిల్యూడ్ నుంచి తీసివేయాలి, లేదా రెండో పారామీటర్‌కు మీ ఎర్రర్‌ను డిఫాల్ట్‌గా ఇచ్చి రెండు రూపాలూ చెల్లేటట్టు చేయాలి.

ముట్టుకోని ఫైల్‌లో ఈ0308

లక్షణం: కొత్త డిపెండెన్సీ ఒకటి చేర్చగానే, ఎవరూ మార్చని ఫైల్‌లో టైపులు కలవడం లేదన్న దోషం వస్తుంది. ఫంక్షన్ అడిగింది ఎస్‌టీడీ హ్యాష్‌మ్యాప్, అందింది హ్యాష్‌బ్రౌన్ అనే బయటి క్రేట్‌లోని హ్యాష్‌మ్యాప్. నిన్నటి దాకా ఆ ఫంక్షనే హ్యాష్‌బ్రౌన్‌ను తీసుకునేది.

కారణం: మీ క్రేట్‌లో ఎస్‌టీడీ అనే ఫీచర్ (కోరితేనే తెరుచుకునే ఐచ్ఛిక భాగం) ఉంటే ప్రామాణిక హ్యాష్‌మ్యాప్‌ను, లేకుంటే హ్యాష్‌బ్రౌన్‌దాన్ని ఒకే పేరుతో బయటికి ఇస్తున్నారు. ఒక క్రేట్‌ను అనేకులు వాడుకుంటున్నప్పుడు, వారు కోరిన ఫీచర్లన్నింటినీ రస్ట్ బిల్డ్ సాధనమైన కార్గో సాధారణంగా కలిపి ఒక్కసారే బిల్డ్ చేస్తుంది కాబట్టి, ఎక్కడో ఉన్న మరొకరు ఎస్‌టీడీని కోరితే మీ ఫంక్షన్ సంతకమే మారిపోతుంది. 2019లో వచ్చిన రస్ట్ 1.36 నుంచి ప్రామాణిక హ్యాష్‌మ్యాప్ లోపల పనిచేసేది హ్యాష్‌బ్రౌనే అయినందున రెండూ ఒకటేనని భ్రమపడటం సులభం. కంపైలర్‌కు మాత్రం అవి వేర్వేరు టైపులు.

పరిష్కారం: ‘కార్గో ట్రీ -ఈ ఫీచర్స్ -ఐ’ తర్వాత మీ క్రేట్ పేరు ఇస్తే ఆ ఫీచర్‌ను ఎవరు తెరిచారో బయటపడుతుంది. అయితే దాన్ని మూయమని వారిని కోరడం వైద్యం కాదు, ఎందుకంటే ఫీచర్ కొత్తవి చేర్చాలే తప్ప ఉన్నదాని అర్థాన్ని మార్చకూడదు. రెండు స్థితుల్లోనూ ఒకే టైపు ఉండేలా చూడాలి: కీలకు క్రమం ఉన్నప్పుడు అలాక్‌లోని బీట్రీమ్యాప్ సరిపోతుంది, లేకుంటే మ్యాప్‌ను మీ సొంత స్ట్రక్ట్‌లో దాచి అవసరమైన మెథడ్‌లే ఇవ్వాలి. ఎస్‌టీడీలోనే ఉన్న ఎర్రర్ ట్రెయిట్‌తోనూ ఇదే తంటా ఉండేది. 2024లో రస్ట్ 1.81 దాన్ని కోర్‌లోకి తెచ్చాక ఆ సాకు పోయింది.

మాక్రో లోపల ఈ0433

ఎస్‌టీడీ లేని ప్రాజెక్టులో మీ మాక్రో విస్తరించినప్పుడు ఎస్‌టీడీ దారి దొరకదు. రీ-ఎక్స్‌పోర్ట్ నిజంగా అవసరమయ్యేది ఇక్కడే. డాక్ హిడెన్ గుర్తు (డాక్యుమెంటేషన్‌లో కనిపించకుండా చేసేది) పెట్టిన మాడ్యూల్‌లో కోర్, అలాక్ టైపులను ఉంచి, మాక్రోలో డాలర్ క్రేట్ (మాక్రో ఉన్న క్రేట్‌ను సూచించే గుర్తు) ద్వారా వాటిని పిలవాలి.

డిప్రికేటెడ్ అన్నా హెచ్చరిక రాకపోవడం

పాత రీ-ఎక్స్‌పోర్ట్‌ను ఒక్కసారిగా తీసేస్తే వాడేవారి కోడ్ విరుగుతుంది. అది మేజర్ వెర్షన్ మార్పే. ముందుగా హెచ్చరిద్దామని ‘పబ్ యూజ్’ పైన డిప్రికేటెడ్ (ఇక వాడవద్దు) అని పెడితే వాడేవారికి ఏమీ కనిపించదు. ఆ వరుస స్థానంలో ‘పబ్ టైప్ డ్యూరేషన్ = కోర్::టైమ్::డ్యూరేషన్;’ అని ఏలియాస్ రాసి గుర్తును దానిపై పెడితే, టైపు మారకుండానే హెచ్చరిక వస్తుంది. టపుల్ స్ట్రక్ట్ (ఫీల్డులకు పేర్లు లేని స్ట్రక్ట్) అయితే ఏలియాస్ పేరును ఫంక్షన్‌లా పిలిచి విలువను నిర్మించడం కుదరదు కనుక, అక్కడ ఈ ఉపాయం పనికిరాదు.